300 డాలర్ల సినిమాలో లెక్కకు రాని ఖర్చు

2009 నవంబరులో ఉరుగ్వేకు చెందిన ఫెదే అల్వారెజ్ ఐదు నిమిషాలు కూడా లేని లఘుచిత్రం ఒకటి యూట్యూబ్‌లో పెట్టాడు. పేరు ‘అటాకె దె పానికో’. మాంటెవీడియో నగరం మీదికి పొగమంచులోంచి భారీ రోబోలు నడిచి వస్తాయి, భవనాలు కూలతాయి, జనం పరుగులు తీస్తారు. కథ అంతకు మించి ఏమీ లేదు. గురువారం పెట్టిన చిత్రానికి సోమవారం నాటికి హాలీవుడ్ స్టూడియోల నుంచి ఈమెయిళ్ళు వచ్చి పడ్డాయని అతనే తర్వాత చెప్పుకున్నాడు. ఆపైన హాలీవుడ్ దర్శకుడు సామ్ రైమీ సంస్థతో ఒప్పందం, 2013లో ‘ఈవిల్ డెడ్’ కొత్త చిత్రానికి దర్శకత్వం. ఇంత జరిగినా జనానికి గుర్తుండిపోయింది ఒక్క అంకె: ఆ లఘుచిత్రానికి అయిన ఖర్చు 300 డాలర్లు.

ఆ అంకె అబద్ధమని నేననను. జేబులోంచి వెళ్ళిన నగదు అంతే అయి ఉండవచ్చు. అయితే అల్వారెజ్ అప్పటికే ప్రకటన చిత్రాల్లో చేయి తిరిగినవాడు, గ్రాఫిక్స్ స్వయంగా చేసుకోగలవాడు. కంప్యూటర్ ముందు గడిచిన రాత్రులకు ఎవరూ బిల్లు వేయలేదు. స్వతంత్ర సైన్స్ ఫిక్షన్ యాక్షన్ లఘుచిత్రం అసలు ఖర్చు పెట్టేది కాలాన్ని. తీసేవాళ్ళ గంటలు ఒకవైపు, చూసేవాళ్ళ నిమిషాలు ఇంకోవైపు. ఈ చిత్రాల్లో గ్రాఫిక్స్ ఎందుకు బొమ్మల్లా తేలిపోతాయి, కథలు ఎందుకు సగంలో ఆగినట్టుంటాయి, చివరికి లాభం ఎవరిది అనే ప్రశ్నలన్నీ ఒకదానికొకటి ముడిపడి కనిపిస్తాయి. ఈ రెండు రకాల కాలాన్ని వేరుచేసి చూస్తే ఆ ముడి చాలావరకు విడిపోతుంది.

ముందు కొలతల సంగతి చెప్పుకొని ముందుకు వెళదాం. ఆస్కార్ నిబంధన ప్రకారం పేర్ల జాబితాతో సహా 40 నిమిషాలు మించకపోతే లఘుచిత్రం. కాన్ చలనచిత్రోత్సవంలోని లఘుచిత్రాల పోటీ 15 నిమిషాలు దాటనివ్వదు. స్వతంత్ర చిత్రమంటే స్టూడియో డబ్బూ స్టూడియో పెత్తనమూ రెండూ లేనిది. ఇది పెద్ద సినిమాను కుదించిన రూపమని చాలామంది అనుకుంటారు గానీ చరిత్ర అలా నడవలేదు. సైన్స్ ఫిక్షన్ తెర మీదికి వచ్చిందే లఘుచిత్రంగా. 1902లో జార్జ్ మెలియెస్ మనుషుల్ని ఫిరంగి గుండులో కూర్చోబెట్టి చంద్రుడి మీదికి పంపిన చిత్రం నిడివి సుమారు పావుగంట. మెలియెస్ ఇంద్రజాలికుడు, సొంత స్టూడియో ఉన్నవాడు. ఆ చిత్రంలో శాస్త్రవేత్తలు చంద్రవాసుల్ని గొడుగులతో కొడితే వాళ్ళు పొగగా పేలిపోతారు. అంటే యాక్షన్ కూడా ఆనాడే వచ్చేసింది.

ఫ్రేముల లెక్క

ఎనిమిది నిమిషాల చిత్రం ఒకటి ఊహించుకుందాం. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున మొత్తం 11,520 ఫ్రేములు. అందులో గ్రాఫిక్స్ ఉన్న షాట్లు 60, ఒక్కొక్కటి సగటున 4 సెకన్లు అనుకుంటే 5,760 ఫ్రేములు. ఒక్కో ఫ్రేము రెండర్ కావడానికి, అంటే కంప్యూటర్ దాన్ని పూర్తి బొమ్మగా తయారుచేయడానికి, 15 నిమిషాలు పడితే 1,440 గంటలు. ఒకే కంప్యూటర్‌ను రాత్రింబవళ్ళు ఆపకుండా నడిపితే 60 రోజులు. పైగా ఏ షాటూ మొదటిసారికే కుదరదు. నీడ తప్పు దిక్కున పడిందని రెండర్ అయ్యాక తెలుస్తుంది, మళ్ళీ మొదలుపెట్టాలి.

ఇది యంత్రం గంటల లెక్క మాత్రమే. మనిషి గంటలు ఇంతకంటే బరువైనవి. నటుడు ఖాళీ వీధిలో నిలబడి పైకి చూస్తున్నాడు, అక్కడ మనం ఒక రోబోను నిలబెట్టాలి. ముందు అసలు కెమెరా ఎటు కదిలిందో కంప్యూటర్‌కు అర్థమయ్యేలా ప్రతి ఫ్రేములోనూ బిందువుల్ని పట్టుకుని ట్రాకింగ్ చేయాలి. రోబో ముందునుంచి వెళ్ళే మనుషుల అంచుల్ని ఫ్రేము తర్వాత ఫ్రేముగా గీసి విడదీయాలి. దీన్నే రోటో అంటారు, ఓపిక పరీక్షించే పని. ఆ రోజు ఎండ ఏ కోణంలో పడిందో అదే కోణంలో రోబో మీదా పడాలి. ఇందుకోసం షూటింగ్ జరిగిన చోటే మెరిసే లోహపు గోళాన్ని పెట్టి వేర్వేరు ఎక్స్‌పోజర్లలో ఫోటోలు తీసే పద్ధతి ఉంది. నిజమైన వెలుతురును ఇలా కొలిచి కంప్యూటర్ బొమ్మ మీద వాడవచ్చని 1998లో పరిశోధకుడు పాల్ డెబెవెక్ చూపించాడు. అప్పట్లో అది పరిశోధన పత్రం. ఇప్పుడు ఇంట్లో కూర్చుని సినిమా చేసేవాళ్ళకు కూడా రోజువారీ పని. షూటింగ్ రోజు ఐదు నిమిషాలు ఆగి ఆ ఫోటోలు తీసుకోని బృందం, తర్వాత అదే వెలుతురును ఊహించి సరిచేసుకోవడానికి రోజులు పోగొట్టుకుంటుంది. నేను చూసిన ఔత్సాహిక చిత్రాల్లో గ్రాఫిక్స్ చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. బొమ్మ బాగానే ఉంటుంది, వెలుతురు వేరే ఊరిది.

రెండో లోపం వేగం. 5 మీటర్ల ఎత్తు నుంచి పడిన రాయి దాదాపు 1 సెకనులో నేలను తాకుతుంది. 45 మీటర్ల ఎత్తు నుంచి పడితే 3 సెకన్లు పడుతుంది. ఎత్తు తొమ్మిది రెట్లయితే సమయం మూడు రెట్లవుతుంది. మన కన్ను ఈ సూత్రం నేర్చుకోకపోయినా దాన్ని ఎప్పుడూ వాడుతూనే ఉంటుంది. అందుకే 45 మీటర్ల రోబో మనిషిలాగా చకచకా చేయి విసిరితే అది రబ్బరు వేషం వేసుకున్న మనిషిలా కనిపిస్తుంది. పాతకాలపు మినియేచర్ నిపుణులకు ఈ రహస్యం బాగా తెలుసు. పదహారో వంతు సైజు భవనాన్ని కూల్చాలంటే కెమెరాను నాలుగింతల వేగంతో, సెకనుకు 96 ఫ్రేముల చొప్పున నడిపేవారు. తెర మీద శిథిలాలు బరువుగా, నింపాదిగా కూలేవి. కంప్యూటర్‌లో చేసేవాళ్ళకు గురుత్వాకర్షణ తనంతట తాను అడ్డుపడదు. వేగం ఎంతైనా పెట్టుకునే స్వేచ్ఛ ఉంటుంది, తప్పు జరిగేదీ ఆ స్వేచ్ఛ వల్లే.

ఇక మూడోది స్పర్శ. పాదం నేలను తాకిన చోట దుమ్ము లేవాలి, పాదం కింద చీకటి దట్టంగా ఉండాలి, పక్కన నిలిపిన కారు కాస్త ఊగాలి. ఈ చిన్న పనులు షాటు గంటల్లో సగం తినేస్తాయి. చాలామంది అలసిపోయి వీటిని వదిలేస్తారు, దాంతో రోబో నేల మీద తేలుతుంది.

సాఫ్ట్‌వేర్ ధర ఒకప్పుడు ఇవన్నీ అడ్డుకునే గోడ. 2002లో బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌ను దాని అభిమానులు చందాలు పోగుచేసి లక్ష యూరోలకు విడిపించుకుని అందరికీ ఉచితం చేశారు. పదేళ్ళ తర్వాత బ్లెండర్ సంస్థ ‘టియర్స్ ఆఫ్ స్టీల్’ పేరుతో ఆమ్‌స్టర్‌డామ్‌లో 12 నిమిషాల సైన్స్ ఫిక్షన్ లఘుచిత్రం తీసింది. అందులోనూ రోబోలే. సినిమా తీయడం వెనుక ఉద్దేశం వేరు: నిజమైన నటులున్న షాట్లలో ట్రాకింగ్, గ్రీన్ మ్యాట్ పనులకు బ్లెండర్‌ను సిద్ధం చేయడం. సినిమా చేస్తూ ఎక్కడ సాఫ్ట్‌వేర్ ఆగిపోతే అక్కడ దాన్ని బాగుచేశారు. ఆ చిత్రాన్నీ, దాని ముడి షాట్లనూ ఎవరైనా వాడుకునేలా విడుదల చేశారు. దాని దర్శకుడు ఇయాన్ హ్యూబర్ట్ తర్వాత మామూలు ఫోటోల్ని సాదా త్రీడీ పెట్టెల మీద అతికించి నగరాలు కట్టే చిట్కాల్ని నిమిషం నిడివి పాఠాలుగా పంచాడు. కిటికీ చెక్కనక్కర్లేదు, కిటికీ ఫోటో చాలు, ప్రేక్షకుడు చూసేది రెండు సెకన్లే కదా అన్న లెక్క. చూసేవాడి నిమిషాల్ని బట్టి చేసేవాడి గంటల్ని కొలవడమంటే ఇదే. ఈ రంగంలో దీనికి మించిన తెలివి నాకు కనిపించలేదు.

లేనిదాన్ని శైలిగా మార్చుకున్నవాళ్ళు

గంటలు మిగుల్చుకునే మార్గం ఎప్పుడూ సాంకేతికమైనదే కానక్కర్లేదు. 1962లో ఫ్రెంచ్ దర్శకుడు క్రిస్ మార్కర్ తీసిన ‘లా జెతే’ మూడో ప్రపంచ యుద్ధం తర్వాతి పారిస్‌లో కాలప్రయాణం గురించిన 28 నిమిషాల చిత్రం. అందులో దాదాపు మొత్తం నిశ్చల ఛాయాచిత్రాలే. ఒక్కచోట మాత్రం నిద్రలేచిన స్త్రీ కళ్ళు తెరిచే క్షణం కదులుతుంది. ఆ ఒక్క కదలికకు ఉన్న శక్తి వంద పేలుళ్ళకు ఉండదు. టెరీ గిలియమ్ 1995లో ‘ట్వెల్వ్ మంకీస్’ తీసింది దీని ఆధారంగానే.

దర్శకుడు నీల్ బ్లోమ్‌క్యాంప్ దారి వేరు. అతను వాంకూవర్‌లో టీవీ సీరియళ్ళకూ ప్రకటనలకూ గ్రాఫిక్స్ చేసి వచ్చినవాడు. ‘అలైవ్ ఇన్ జోబర్గ్’ అనే ఆరు నిమిషాల చిత్రాన్ని వార్తా కథనంలా తీశాడు. చేతిలో ఊగే కెమెరా, పాలిపోయిన రంగులు, జోహానెస్‌బర్గ్ మురికివాడలు, ఆకాశంలో నిలిచిన అంతరిక్ష నౌక. వీడియో నాణ్యత తక్కువగా ఉన్నట్టు కనిపించడం వల్ల గ్రాఫిక్స్ లోపాలు ఆ మసకలోనే కలిసిపోయాయి. అంతకంటే తెలివైన పని ఇంకొకటి ఉంది. నగరవాసుల్ని పొరుగు దేశాల నుంచి వచ్చిన వలసదారుల గురించి అడిగి, వాళ్ళు చెప్పిన జవాబుల్ని గ్రహాంతరవాసుల గురించి చెప్పినట్టు వాడుకున్నాడు. ఆ కోపం, ఆ అసహనం ఏ నటుడూ ఇవ్వలేడు. డబ్బులేని సినిమాకు డబ్బుతో కొనలేని సరుకు అలా దొరికింది. అది నైతికంగా సరైనదేనా అని అడిగితే నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఒక మనిషి మాటను అతను ఊహించని సందర్భంలోకి మార్చి పెట్టడం చిన్న విషయం కాదు.

హాస్యం కూడా గొప్ప ముసుగే. స్వీడన్‌కు చెందిన డేవిడ్ సాండ్‌బెర్గ్ 1980ల నాటి వీడియో క్యాసెట్ సినిమాల్ని ఎగతాళి చేస్తూ ‘కుంగ్ ఫ్యూరీ’ తీసినప్పుడు అతని దగ్గర ఉన్న పోలీసు యూనిఫాం ఒక్కటే. ఠాణా నిండా పోలీసులు ఉన్న దృశ్యం కోసం ఒక్కో నటుడికి అదే యూనిఫాం తొడిగి విడివిడిగా తీసి, తర్వాత అందర్నీ ఒకే షాటులో కలిపాడు. బట్టల డబ్బు మిగిలింది, ఇలా కలిపే కంపోజిటింగ్ గంటలు పెరిగాయి. గ్రాఫిక్స్ కృతకంగా ఉంటే ఆ చిత్రంలో అదీ నవ్వులో భాగమే. గంభీరమైన కథ తీసేవాళ్ళకు ఈ సౌకర్యం ఉండదు.

కొట్లాట ఎందుకు కష్టం

గ్రాఫిక్స్ గురించి ఇంత చర్చ జరుగుతుంది గానీ, షూటింగ్ రోజుల్ని మింగేది యాక్షన్. స్క్రిప్టులో ఒక పేజీ తెర మీద ఒక నిమిషం అని సినిమావాళ్ళ లెక్క. యాక్షన్ దగ్గర ఈ లెక్క కూలిపోతుంది. ‘ఇద్దరూ మెట్ల మీద తలపడతారు’ అని రాయడానికి ఒక పంక్తి చాలు. తీయడానికి ఒక రోజు సరిపోకపోవచ్చు. సంభాషణ దృశ్యాన్ని మూడు నాలుగు కోణాల్లో ముగించవచ్చు. ఫైటులో ప్రతి దెబ్బకూ దాని కోణం ఉంటుంది. పిడికిలి ముఖానికి జానెడు దూరంలో పోయినా తగిలినట్టు కనిపించాలంటే కెమెరా ఆ పిడికిలి దారికి సరిగ్గా ఎదురుగానో వెనుకగానో ఉండాలి. పక్కకు జరిగితే మధ్యలో ఖాళీ బయటపడుతుంది.

ఇంకో సంగతి. దెబ్బకు బలం ఇచ్చేది కొట్టినవాడు కాదు, తిన్నవాడు. తల ఎప్పుడు తిరిగింది, ఊపిరి ఎలా పోయింది, కాలు ఎక్కడ తడబడింది అన్నదాన్ని బట్టే ప్రేక్షకుడు నమ్ముతాడు. అందుకే కొద్దిరోజులే ఉన్న బృందం నేర్పరి ఫైటర్లను తెచ్చుకోలేకపోయినా, పడటం తెలిసిన ఒక్కడిని తెచ్చుకుంటే సగం గెలిచినట్టే. చాలా చిత్రాలు దీనికి తలకిందులుగా చేస్తాయి. నాయకుడికి నెలల శిక్షణ ఇప్పించి, ఎదుటివాళ్ళను షూటింగ్ రోజు ఉదయం పిలిపిస్తాయి. ఆ తర్వాత కెమెరాను కుదిపి, షాటును అర సెకనుకు కత్తిరించి తప్పు కప్పుకోవాలని చూస్తారు. ఎవరు ఎక్కడ ఉన్నారో తెలియని ఫైటు ఎంత వేగంగా ఉన్నా విసుగే పుట్టిస్తుంది.

తుపాకుల విషయంలో మాత్రం నా అభిప్రాయం కచ్చితంగా ఉంటుంది. తూటా పేలినప్పుడు తుపాకి మొనలో కనిపించే మంట తెర మీద ఒక్క ఫ్రేము, మహా అయితే రెండు ఫ్రేములు ఉంటుంది. దాన్ని ఎడిటింగ్ తర్వాత చేర్చడం గ్రాఫిక్స్ పనుల్లోకెల్లా సులువు. అలాంటప్పుడు చిన్న చిత్రాల సెట్‌లోకి నిజమైన తుపాకి రావడానికి కారణమే లేదు. బుల్లెట్ లేని బ్లాంకు తూటా ప్రమాదం లేనిదని కొందరు అనుకుంటారు. 1984లో జాన్ ఎరిక్ హెక్సమ్ అనే అమెరికన్ నటుడు సెట్ మీద సరదాకు బ్లాంకు ఉన్న తుపాకిని కణతకు ఆనించి మీట నొక్కి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. 2021 అక్టోబరులో ‘రస్ట్’ సెట్‌లో ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ చనిపోయింది నిజమైన తూటా తగిలి. అది జీతాలున్న, బాధ్యులున్న సెట్. ఆరుగురు మిత్రులు కలిసి తీసే చిత్రంలో ఆయుధాల బాధ్యత ఎవరిదో చాలాసార్లు ఎవరికీ తెలియదు.

శబ్దం గురించి ఒక్క మాట. దృశ్యానికి బరువు తెచ్చే పనిలో అతి చౌకైనది, అందరూ చివరికి నెట్టేసేది ఇదే. ‘స్టార్ వార్స్’లో లేజర్ తుపాకుల చప్పుడు కోసం ఆ చిత్రం శబ్ద నిపుణుడు బెన్ బర్ట్ రేడియో టవరును పట్టి ఉంచే ఉక్కు తీగను సుత్తితో కొట్టి రికార్డు చేశాడు. ఒక తీగ, ఒక సుత్తి, ఒక మైకు. బొమ్మ కొంచెం తేలిపోయినా అడుగు చప్పుడు నేలను అదిరిస్తే ప్రేక్షకుడు క్షమిస్తాడు. దీనికి తలకిందులైతే మాత్రం క్షమించడు. డౌన్‌లోడు చేసిన లైబ్రరీ చప్పుళ్ళను యథాతథంగా అతికించిన చిత్రాలన్నీ ఒకేలా వినిపించడం గమనించే ఉంటారు.

పది నిమిషాల్లో ఎంత లోకం పడుతుంది

ఇప్పుడు చూసేవాడి కాలానికి వద్దాం. సైన్స్ ఫిక్షన్‌కు వివరణ కావాలి: ఈ లోకం ఏమిటి, ఇక్కడ నియమాలేమిటి. యాక్షన్‌కు కదలిక కావాలి, వివరణ దానికి పడదు. మనం ఒక పాత్ర గురించి కంగారు పడాలంటే ఆ మనిషితో కాస్త పరిచయం కావాలి. ఈ మూడూ పది నిమిషాల కోసం పోట్లాడుకుంటాయి. చాలామంది చేసే రాజీ అందరికీ తెలిసిందే. నల్లటి తెర మీద అక్షరాలు: ఫలానా సంవత్సరం, ఫలానా యుద్ధం, ఫలానా సంస్థ పాలన. తర్వాత రేడియోలో వార్త. తర్వాత నాయకుడి బరువైన గొంతులో గతం. అప్పటికి రెండున్నర నిమిషాలు పోయాయి, పరుగు మొదలవుతుంది. పదిహేను వేల రూపాయల అప్పుకు పది పేజీల పత్రం రాయించినట్టు ఉంటుంది ఆ ఆరంభం.

లోకాన్ని ముందు చెప్పి కొట్లాటను తర్వాత చూపించడంలోనే తప్పు ఉంది. నియమం కొట్లాటలోనే తెలియాలి. ఒక ఉదాహరణ కల్పించి చెబుతాను. ఒక స్త్రీ మెడ వెనుక చిన్న పరికరం ఉంది. దాన్ని నొక్కితే ఆమె ఐదు సెకన్లు వెనక్కి వెళ్ళగలదు. మొదటి ఫైటులో ఆమె దెబ్బ తింటుంది, నొక్కుతుంది, అదే దెబ్బను ఈసారి తప్పించుకుంటుంది. నియమం అర్థమైపోయింది, ఒక్క మాట లేదు. రెండో ఫైటులో వరుసగా నాలుగుసార్లు నొక్కుతుంది, గెలుస్తుంది, ఆ తర్వాత తాను వచ్చిన తలుపు ఏదో గుర్తు రాక నిలబడిపోతుంది. ప్రతి నొక్కుకూ ఒక జ్ఞాపకం పోతోందని మనకు తెలుస్తుంది. మూడోసారి ఆమె వెనుక ఒక పిల్లవాడు ఉన్నాడు, ఎదురుగా పదిమంది ఉన్నారు. ఇప్పుడామె వేలు మెడ వెనక్కి వెళుతుంటే మనకు కలిగే భయం పేలుళ్ళతో రాదు. ఇక్కడ యాక్షన్ తీసేస్తే కథ ఉండదు, పరికరం తీసేస్తే యాక్షన్ ఉండదు. దీనికి కావలసిన గ్రాఫిక్స్ కూడా దాదాపు శూన్యం. ఒకే దెబ్బను రెండు రకాలుగా తీసి కోస్తే చాలు.

ఇంత సులువైతే అందరూ ఎందుకు చేయరు? నా అనుమానం ఒకటే. చాలా బృందాలు ముందు చూపించాలనుకున్న షాటుతో మొదలవుతాయి. నగరం మీద తేలే ఓడ, యంత్రపు చేయి, కాలిపోతున్న వంతెన. ఆ షాటుకు దారితీసే కథ తర్వాత అల్లుతారు. ఆ షాటుకే ఎక్కువ గంటలు పోయాయి కాబట్టి ఎడిటింగ్‌లో దాన్ని కత్తిరించే ధైర్యం ఎవరికీ రాదు. నాలుగు నెలలు చేసిన షాటు కథకు అడ్డమని తెలిసినా అలాగే ఉండిపోతుంది. కాలం అలా రెండోసారి కూడా ఖర్చవుతుంది, ఈసారి చూసేవాడిది.

ఇది సినిమానా, విజిటింగ్ కార్డా

చివరికి ‘కొనసాగుతుంది’ అన్నట్టు ఆగిపోయే చిత్రాల గురించి ప్రేక్షకులు తరచూ విసుక్కుంటారు. దానికి కారణం కళలో కంటే ఆర్థికంలో ఉంది. లఘుచిత్రానికి టికెట్టు లేదు. యూట్యూబ్ ఆదాయం రోటో గంటలకు కూడా సరిపడదు. కాబట్టి దీన్ని పెద్ద సినిమాకు నమూనాగా చూపి స్టూడియోను ఆకర్షించాలన్నది చాలామంది ఆశ. ఆశకు ఆధారాలు లేకపోలేదు. జార్జ్ లూకాస్ 1967లో విద్యార్థిగా తీసిన లఘుచిత్రమే 1971లో ‘టీహెచ్ఎక్స్ 1138’గా పెరిగింది. ‘అలైవ్ ఇన్ జోబర్గ్’ 2009లో పీటర్ జాక్సన్ నిర్మించిన ‘డిస్ట్రిక్ట్ 9’ అయి, సుమారు 3 కోట్ల డాలర్లతో తయారై, 20 కోట్లకు పైగా వసూలు చేసి, ఉత్తమ చిత్రంతో సహా నాలుగు ఆస్కార్ నామినేషన్లు తెచ్చుకుంది. షేన్ ఆకర్ లఘుచిత్రం ‘9’, వెస్ బాల్ లఘుచిత్రం ‘రూయిన్’ కూడా తమ దర్శకులకు పెద్ద సినిమాల తలుపులు తెరిచాయి.

అయితే ఈ జాబితాను జాగ్రత్తగా చదవాలి. ఇందులో స్టూడియోలు కొన్నిసార్లు కొనుక్కున్నది కథను, కొన్నిసార్లు మనిషిని. అల్వారెజ్ రోబోలు పెద్ద సినిమాగా రాలేదు, అతనికి దక్కింది ఒక హారర్ చిత్రం. వెస్ బాల్‌కు దక్కినది ‘ది మేజ్ రన్నర్’, అది వేరే రచయిత నవల. అంటే స్టూడియో ఆ లఘుచిత్రాల్లో చూసింది రాబోయే భాగం కథ ఏమిటన్నది కాదు. ఈ మనిషి తక్కువ వనరులతో ఒక దృశ్యాన్ని నమ్మించి, ముగించగలడా అన్నది. అలా చూస్తే ట్రైలర్‌లా తీసి కథను సగంలో ఆపడం వల్ల వచ్చే లాభం అనుమానమే. ముగింపు రాయగలడని నిరూపించుకునే అవకాశం దానంతట అదే పోయింది.

జనం దగ్గర చందాలు వసూలు చేయడం ఇంకో దారి. సాండ్‌బెర్గ్ ముందు సొంత డబ్బుతో ట్రైలర్ చేసి, 2013 డిసెంబరులో కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్‌లో 2 లక్షల డాలర్లు అడిగితే 6,30,019 డాలర్లు వచ్చాయి. దానితో చేసిన చిత్రం 31 నిమిషాలు, 2015లో కాన్‌లో డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్ విభాగంలో చూపించాక యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టారు. నిమిషానికి 20 వేల డాలర్ల చొప్పున. 300 డాలర్ల కథ పక్కన ఈ అంకె కూడా చెప్పుకుంటే బాగుంటుంది. ఇంత వచ్చినా పూర్తి నిడివి సినిమాకు అనుకున్న 10 లక్షల లక్ష్యం అందలేదు.

ఉత్సవాలకా, నేరుగా ఇంటర్నెట్‌కా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. కొన్ని ఉత్సవాలు ముందే ఇంటర్నెట్‌లో వచ్చిన చిత్రాన్ని తీసుకోవు. ఉత్సవాల వరుస ముగిసేసరికి ఏడాది గడిచిపోతుంది, గ్రాఫిక్స్ విషయంలో ఏడాది చిన్నది కాదు. ఇప్పుడు మాటలు రాసి ఇస్తే వీడియో తయారుచేసే కృత్రిమ మేధ కూడా వచ్చింది. 2024 ఫిబ్రవరిలో ఓపెన్ఏఐ ‘సోరా’ను చూపించినప్పటి నుంచి ఇక ఇలాంటి చిత్రాలు ఎవరైనా తీస్తారన్న మాట వినబడుతోంది. నేపథ్యాలూ, దూరపు షాట్లూ చేసే గంటలు నిజంగానే తగ్గుతాయి. కానీ ఫైటు ప్రేక్షకుడికి అర్థం కావాలంటే అదే ముఖం, అదే గాయం, అదే గది ముప్పై షాట్ల పాటు ఒకే పొందికలో ఉండాలి. ఆ పొందిక ఈ పరికరాలకు ఇంకా కష్టంగానే ఉంది.

అన్నిటికంటే తక్కువ మాట్లాడేది హక్కుల గురించి. పేరున్న లోకాన్ని అరువు తెచ్చుకుంటే ఏమవుతుందో ‘ఆక్సనార్’ వ్యవహారం చూపించింది. అమెరికన్ సైన్స్ ఫిక్షన్ ధారావాహిక ‘స్టార్ ట్రెక్’ అభిమానులు ‘ఆక్సనార్’ పేరుతో ఆ లోకంలో సినిమా తీయడానికి పది లక్షల డాలర్లకు పైగా చందాలు పోగుచేస్తే, దాని హక్కులున్న పారామౌంట్, సీబీఎస్ సంస్థలు 2015 డిసెంబరులో దావా వేశాయి. 2017 జనవరిలో రాజీ కుదిరేసరికి మిగిలింది పదిహేను నిమిషాల భాగాలు రెండు తీసుకునే అనుమతి. ఈ గొడవ నడుస్తుండగానే అభిమానుల చిత్రాలకు నిడివి, చందా పరిమితులతో నియమావళి వచ్చింది.

సొంత కథైనా చిక్కు తప్పదు. జీతం లేకుండా రెండేళ్ళు పనిచేసిన గ్రాఫిక్స్ మిత్రుడికి కాగితం మీద ఏమీ రాసి ఉండదు. స్టూడియో నిజంగానే ముందుకు వస్తే దాని న్యాయవాది మొదట అడిగేది ఆ కాగితాలే: రచయిత, నటులు, సంగీత దర్శకుడు, రోబో గీసినవాడు, ప్రతి ఒక్కరి సంతకం. సంతకం దొరకని ఒక్క మనిషి వల్ల ఒప్పందం ఆగిపోవచ్చు. సంతకం పెట్టాక ఆ మిత్రుడికి పెద్ద సినిమాలో వాటా ఉంటుందా అన్నది మొదటి షూటింగ్‌కు ముందే మాట్లాడుకోవలసిన సంగతి. ఇంటర్నెట్‌లో కొన్న త్రీడీ మోడళ్ళదీ ఇదే కథ. కొన్నిటి లైసెన్సులో ‘సంపాదకీయ వినియోగానికి మాత్రమే’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అంటే వార్తలకు వాడుకోవచ్చు, వ్యాపార చిత్రానికి వాడకూడదు. ఆ పంక్తి చదవకుండా కొన్న హెలికాప్టర్ మీ క్లైమాక్సులో ఎగురుతుంటే, దాన్ని తీసేసి ఆ షాట్లన్నీ మళ్ళీ రెండర్ చేయాలి.